ఫ్లాపీ డ్రైవుకు కొత్త బెల్టు

పెద్దస్వామి పోయాక ఆయన చివరి తత్వాలు ఒకే ఒక్క ఫ్లాపీలో మిగిలాయి. దాన్ని చదవగల పాత కంప్యూటరు ఆశ్రమంలోనే ఉంది గానీ, డ్రైవులో డిస్కును తిప్పే రబ్బరు బెల్టు తెగిపోయింది. అలాంటి బెల్టులు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఫ్లాపీకేమో బూజు పడుతోంది. ఇంకో వానాకాలం ఆగితే తత్వాలు దక్కవు.

వాటిలో ఏముందోనని ఊరంతా ఒకటే ఆరాటం. నిధి జాడ ఉందని కరణంగారి కోడలు తేల్చేసింది. ఆవిడ పెట్టె తాళంచెవి జాడ మాత్రం ఇంకా తేలలేదు.

బెల్టు తానే చేస్తానన్నాడు శిష్యుడు చిదంబరం. తెగిన బెల్టును పళ్ళెంలో పెట్టి, పసుపూ కుంకుమా వేసి, ఆ తర్వాతే కొలిచాడు. వీలైతే స్కేలుకు కూడా స్నానం చేయించేవాడే. అదే కొలతకు రబ్బరు షీటు కోసి, అతికించి, డ్రైవులో వేశాడు. మోటారు తిరిగింది. డిస్కు తిరగలేదు. బెల్టు జారిపోతోంది.

ఇంకోటి చేశాడు. అదీ జారింది.

చిదంబరం ఏడుపు మొహంతో గురువు ఓబళయ్య స్వామి దగ్గరికి వెళ్ళాడు.

"పాతదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు స్వామీ. పెద్దస్వామి చేతులు తాకిన బెల్టు అది. అంతకు మించిన కొలత ఎక్కడుంటుంది? నా భక్తిలోనే లోపం."

స్వామి లేచి, దండెం మీద ఆరుతున్న చిదంబరం పాత నిక్కరు తెచ్చి చేతిలో పెట్టారు.

"ఇది వేసుకుని కొట్టుకెళ్ళి ఉప్పు పట్రా."

"అయ్యో, ఎలాస్టిక్ సాగిపోయింది స్వామీ! వీధి మలుపు దాకా కూడా నిలవదు."

"సరిగ్గా దీని కొలతకే కొత్తది కుట్టిస్తే?"

"అదీ జారుతుంది."

"మరి దర్జీ దేన్ని కొలుస్తాడ్రా?"

"నడు..." అని చిదంబరం ఆగిపోయాడు.

స్వామి నిక్కరు తీసుకెళ్ళి మళ్ళీ దండెం మీద వేశారు.

చిదంబరం దారం పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మోటారు చక్రాన్నీ డిస్కు చక్రాన్నీ కలిపి చుట్టి, బిగించి కొలిచాడు. పాత బెల్టు కంటే బొటనవేలి వెడల్పంత తక్కువ వచ్చింది. ఆ కొలతకు చేసిన బెల్టు గట్టిగా పట్టింది. డిస్కు గిర్రున తిరిగింది. కాసేపటికి తెర మీద మొదటి తత్వం అక్షరం అక్షరంగా వచ్చింది.

చిదంబరం కళ్ళు తుడుచుకుని, పళ్ళెంలోని పాత బెల్టు వైపు చూశాడు.

"మరి దీన్నేం చెయ్యను స్వామీ?"

"దణ్ణం పెట్టుకో," అన్నారు స్వామి. "కొలత మాత్రం చక్రాలనడుగు."