ఎండిన బెండు

దాలినాయుడు మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. చేతిలో పని పూర్తిచేసి, గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకునేవాడు. ఆ తర్వాత కూడా చాలాసార్లు చెప్పేవాడు కాదు. చింతపల్లి వెళ్లే ఘాట్ రోడ్డులో, పైమలుపు దగ్గర ఆయన షెడ్డు. పాతకాలపు మోటారు సైకిళ్లు తప్ప వేరే బండి ముట్టుకునేవాడు కాదు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఆయన్ని గురువుగారూ అని పిలిచేవారు. ఆయన వద్దనలేదు.

వరహాలరావు ఆయన దగ్గర చేరేనాటికి నలభై దాటాడు. అంతకుముందు లారీ నడిపేవాడు. ఈ కథంతా నాకు చెప్పింది అతనే.

పుష్యమాసంలో ఒక ఉదయం, మంచు ఇంకా రోడ్డు మీంచి లేవకముందు, అతను మేస్త్రిని అడిగాడు.

"గురువుగారూ, మా అన్నయ్యా నేనూ మాట్లాడుకుని పన్నెండేళ్లయింది. అమ్మని చివరి రోజుల్లో ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అన్న మాట మీద విడిపోయాం. పోయిన నెల ధైర్యం చేసి అనకాపల్లి వెళ్లాను. వదిన టీ ఇచ్చింది. మంచిగానే మాట్లాడాలని కూర్చున్నాను. నోరు తెరిస్తే పాత మాటలే బయటపడ్డాయి. ఆయనా అంతే. టీ తాగకుండా లేచి వచ్చేశాను. ఇక ఆ బంధం చెడిపోయినట్టేనా?"

మేస్త్రి చెయిన్‌కి నూనె పెడుతున్నాడు. చివరి లింకు దాకా పెట్టి, తల ఎత్తి రోడ్డు వైపు చూశాడు. "ఏదో బండి వస్తోంది. వెళ్లి చెయ్యి వెయ్యి," అన్నాడు.

మంచులోంచి ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. వెనక, తాళ్లతో కట్టిన నల్లటి మోటారు సైకిలు. దాని పక్కనే, హ్యాండిల్ పట్టుకుని నిలబడి వచ్చింది గ్రేసమ్మ. ఆమె మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆ చుట్టుపక్కల కొండల మీద నలభై ఏళ్లలోపు వాళ్లలో సగంమంది ఆమె చేతుల్లోనే పుట్టారు. అందరికీ ఆమె సిస్టరమ్మ.

బండి ఆమె భర్త డేనియల్‌ది. కాన్పు కబురు వస్తే ఆయన బండి తీసేవాడు, ఆమె సంచీ పట్టుకుని వెనక ఎక్కేది. ఆయన పోయి పదకొండేళ్లు. ఆయన్ని సమాధి చేసిన వారంలోనే ఆమె ట్యాంకు ఖాళీ చేయించి, బండి మీద దుప్పటి కప్పింది. అప్పటినుంచీ ప్రతి ఆదివారం ఆరాధన నుంచి రాగానే దుప్పటి తీసి తుడిచేది. కిక్ రాడ్‌ని చేత్తో నొక్కి, ఇంజను తిరుగుతోందని చూసుకుని మళ్లీ కప్పేసేది. చుక్క పెట్రోలు మాత్రం పోయనివ్వలేదు.

"రేపు ఆయన పోయిన రోజు," అంది గ్రేసమ్మ. "సమాధి పైన వాళ్ల ఊళ్లో ఉంది కదా, బస్సు పోదు. ఈసారైనా ఈ బండి మీద వెళ్దామని మొన్న టైర్లు మార్పించాను, నిన్న పెట్రోలు పోయించాను. సాయంత్రానికి ట్యాంకులో సగం నేలమీదే ఉంది మేస్త్రుగారూ! ఇల్లంతా వాసన. మా తమ్ముడు ఒకటే గోల. ఎప్పటికైనా నిప్పంటుకుంటుంది, పట్నంలో పాతబళ్లు సేకరించే ఆయన అడుగుతున్నాడు, ఇచ్చెయ్యమంటాడు. ఇవాళ బాగుపడకపోతే ఇచ్చేస్తానని మాటిచ్చేశాను."

మేస్త్రి ముందుగా టీ పొయ్యి ఆర్పించాడు. తర్వాత వరహాలరావు వైపు చూసి, "చెయ్యి," అన్నాడు.

ఇంజను కింద తడి ఉంది. దానికి పైనున్న కార్బొరేటరే కారుతోందనుకుని వరహాలరావు దాన్ని విప్పి శుభ్రం చేసి బిగించాడు. చుక్క ఆగలేదు. పైపు మార్చాడు. ఆగలేదు. "ట్యాంకే ఎక్కడో చిట్లినట్టుంది," అన్నాడు చివరికి. ఆ మాటకి గ్రేసమ్మ ముఖం చిన్నబోయింది.

"సిస్టరమ్మా, మీ సంచీలో పౌడరు డబ్బా ఉందా?" అని అడిగాడు మేస్త్రి.

ఉంది. ఆయన అంతా పొడిగా తుడిపించి, ట్యాంకు అడుగు నుంచి ఇంజను దాకా పౌడరు అద్దాడు. నల్లటి బండి తెల్లబడింది. ముగ్గురూ వంగి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆ తెలుపు మీద సన్నటి గీత ఒకటి మెల్లగా కిందికి దిగింది. అది మొదలైంది ట్యాంకు నుంచి కాదు, ట్యాంకు కిందున్న పెట్రోలు ట్యాపు నుంచి.

ట్యాపు విప్పితే లోపల గోరంత బెండుముక్క, సీసాలకి బిగించే కార్కులాంటిది. దాని పనల్లా పెట్రోలుని ఆపడమే. అది ముడుచుకుపోయి, అటూ ఇటూ వదులుగా ఆడుతోంది.

"పాడైపోయింది," అన్నాడు వరహాలరావు.

గ్రేసమ్మకి నమ్మబుద్ధి కాలేదు. "ఎలా పాడవుతుంది? నేను దీన్ని ఎండకి పెట్టలేదు, వానకి పెట్టలేదు. ఒక్కర్నీ ముట్టుకోనివ్వలేదు."

"పెట్రోలు తగలక ఎండిపోయింది తల్లీ, అంతే," అని మేస్త్రి ఒక గిన్నెలో కాస్త పెట్రోలు పోసి బెండుముక్క అందులో వేశాడు. రేకుమూత పెట్టి గుమ్మం దగ్గర, గాలి ఆడేచోట ఉంచాడు.

గంట తర్వాత తీసి బిగించారు. చుక్క మళ్లీ వచ్చింది. ఇందాకటికంటే నిదానంగా వచ్చింది కానీ, వచ్చింది. వరహాలరావు విసుక్కుని బెండు తీసి పారెయ్యబోయాడు. "దీన్ని పట్టుకుని కూర్చుంటే రోజు గడిచిపోతుంది గురువుగారూ. రబ్బరుది ఏదైనా కోసి పెడతాను."

మేస్త్రి చెయ్యి చాచి బెండు తీసుకున్నాడు. దాన్ని మళ్లీ గిన్నెలో వేశాడు. వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నమైనా ఆ రోజు మంచు వీడలేదు. షెడ్డు లోపలికి కూడా వచ్చింది. రోడ్డు కనబడలేదు. రోడ్డు కింద లోయా, లోయలో కాఫీతోటలూ కనబడలేదు. ట్యాపు లేని మోటారు సైకిలు ఆ తెల్లదనంలో నేలకి ఆనకుండా నిలబడినట్టుంది. ఎక్కడో ఆవుమెడలో గంట మోగింది. దగ్గరో దూరమో తెలియలేదు. గ్రేసమ్మ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆమె నిద్రపోయిందనే అనుకున్నారు. కళ్లు తెరవకుండానే మాట్లాడసాగింది.

"ఇలాంటి మంచులో ముందుచక్రం కూడా కనబడేది కాదు. ఆయన హారన్ కొట్టేవాడు కాదు, పాడేవాడు. ఆ పాటకి ఆవులు దారి ఇచ్చేవి. నాకు గొంతు వినబడేది, వీపు వెచ్చగా తగిలేది, ఇంకేమీ ఉండేది కాదు లోకంలో. పైన ఊళ్లలో బండి చప్పుడు వినగానే పొయ్యి మీద నీళ్లు పెట్టేవారు. మేం చేరేసరికి నీళ్లు మరిగేవి. ఎన్ని ఊళ్లో... ఏ ఊరికి ముందు వెళ్లామో, ఏ ఊరికి తర్వాతో... ఆయన పోయాక ఆ ఊళ్లకి నేను ఒక్కసారీ వెళ్లలేదు మేస్త్రుగారూ. ఆయన లేకుండా వెళితే ఉన్న జ్ఞాపకం కూడా కారిపోతుందేమోనని భయం."

వరహాలరావు గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాడు. పనిలో అంతసేపు చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం తనకి అదే మొదటిసారి అన్నాడు నాతో. గంటలు గడిచాయో, కునుకు పట్టిందో, ఇప్పటికీ చెప్పలేనన్నాడు.

పొద్దు వాలుతుండగా మేస్త్రి మూత తీశాడు. బెండు నిండుగా ఉబ్బి ఉంది. ఈసారి వేలితో గట్టిగా నొక్కితే గానీ ట్యాపులోకి దిగలేదు. బిగించి, పెట్రోలు పోసి, మళ్లీ పౌడరు అద్దారు. గ్రేసమ్మ ఆ తెలుపు దగ్గర ముఖం పెట్టి చాలాసేపు చూసింది. గీత రాలేదు. "ఆగిందండీ," అంది.

కళ్లు తుడుచుకుని, "రేపు వెళ్లొచ్చాక ట్యాంకు ఖాళీ చేసి జాగ్రత్తగా పెట్టేస్తాను," అంది.

"ఖాళీ చెయ్యకండి సిస్టరమ్మా. నాలుగు రోజులకోసారైనా ఎటో ఒకవైపు వెళ్లండి."

"రేపంటే మా తమ్ముడు నడుపుతాడు. ఆ తర్వాత నడిపేదెవరు?"

మేస్త్రి ఆమె వైపే చూశాడు. ఆమె చిన్నగా నవ్వింది. డేనియల్‌కి జ్వరం వచ్చిన రోజుల్లో బండి నడిపింది తనేనని, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని ఆ మాట అప్పుడు చెప్పింది. వరహాలరావు కిక్ కొట్టాడు. నాలుగోసారికి ఇంజను అందుకుంది. అరవై నాలుగేళ్ల గ్రేసమ్మ చీర కుచ్చెళ్లు సర్దుకుని, పైట నడుముకి దోపుకుని బండెక్కింది. మొదట కొంచెం తూలింది. తర్వాత చప్పుడు నిలకడగా మంచులోకి వెళ్లింది. కనుమరుగయ్యాక కూడా చాలాసేపు మలుపు తర్వాత మలుపులో వినబడుతూనే ఉంది.

ఆ చప్పుడు కూడా ఆగిపోయాక వరహాలరావు అడిగాడు. "గురువుగారూ, పొద్దున నేనడిగినదానికి మీరేమీ చెప్పలేదు."

మేస్త్రి గుడ్డ తీసుకుని వేళ్లు తుడుచుకోసాగాడు.

"గంట నానాక కూడా కారింది," అన్నాడు. "నువ్వే పారెయ్యబోయావు."