మోకాళ్ళు వంచిన నల్లదొర

అనగనగా ఒక అడవి. అడవంటే చెట్లే అనుకునేరు పిల్లలూ! ఇది నడుమెత్తు గడ్డి పెరిగిన అడవి. అందులో కృష్ణజింకలు వేలకు వేలు ఉండేవి. వాటికో ఆచారం ఉంది. వేటగాడు కనబడితే మందంతా ఒకదాని వెనక ఒకటి ఆకాశానికి ఎగిరి, ఆ తర్వాతే పరుగెత్తాలి. చూడ్డానికి ఎంత బాగుండేదో! వేటగాళ్ళకూ బాగానే ఉండేది. ఎగిరిన జింక ఎంత దూరానికైనా కనబడుతుంది కదా.

అలా ఎగిరి ఎగిరి మందంతా కరిగిపోయింది. చివరికి ఐదే మిగిలాయి. నాలుగు ఆడజింకలు, ఒకే ఒక్క మగజింక నల్లదొర. ఆడజింకల్లో గరిక నిండు చూలాలు.

పుట్టబోయే బిడ్డ గురించి గరికకు ఒకటే దిగులు. ఒకనాడు గడ్డిలో గుడ్లు పొదుగుతున్న పూరేడు పిట్టను అడిగింది.

"చెల్లీ, నేల మీద ఉండి ఎలా బతుకుతున్నావు?"

"వేటగాడు పక్కకొచ్చినా కదలనక్కా. అంతే," అంది పూరేడు.

గరిక ఆ మాట నల్లదొర చెవిన వేసింది. ఆయన మెలికల కొమ్ములు విదిలించాడు.

"మా తాత ఎగిరాడు, మా అయ్య ఎగిరాడు. నేను కుందేలులా నక్కితే నా పరువేం కావాలి?"

"జాతే లేకపోయాక పరువు ఎవరికి దొరా?" అంది గరిక.

అంతలో గుర్రాల చప్పుడు వినిపించింది. వేటగాళ్ళు! గరిక కాళ్ళు వాటంతట అవే ఎగరబోయాయి. పళ్ళు బిగించి గడ్డిలో కూర్చుంది. మిగతా మూడూ కూర్చున్నాయి. నల్లదొర మాత్రం నిటారుగా నిలబడ్డాడు. ఆయన ఒక్క గెంతు గెంతితే అంతా అయిపోతుంది. గరిక కడుపు వైపు చూశాడు. మెల్లగా మోకాళ్ళు వంచాడు. ఆ కొమ్ములు గడ్డిలోకి దిగుతుంటే గరికకు ఏడుపొచ్చింది, గర్వంగానూ అనిపించింది.

గుర్రాలు పక్కనుంచే పోయాయి. వేటగాళ్ళు మర్నాడూ వచ్చారు, మూడోనాడూ వచ్చారు. ఒక్క జింకా ఎగరలేదు.

"ఇక్కడ జింకలు అయిపోయాయిరా, పదండి," అనుకుని మళ్ళీ ఆ దిక్కు రాలేదు.

ఏళ్ళు గడిచాయి. ఐదు యాభై అయ్యాయి, ఆ యాభై కాస్తా ఐదు వందలయ్యాయి. ముసలి గరిక మిట్టెక్కి చూస్తే కనుచూపు మేరా తనవాళ్ళే. ఒకరోజు పెంకి మనవరాలు ఒకతి అడిగింది.

"అవ్వా, ఆ రోజు మీరంతా భయపడి దాక్కున్నారటగా?"

గరిక తల ఎత్తింది.

"అవునే. నేనూ దాక్కున్నాను, మీ తాత అంతటివాడూ దాక్కున్నాడు. కాబట్టే నువ్వు పుట్టి, నన్నీ మాట అడుగుతున్నావు."

నీతి: తనవాళ్ళను బతికించడానికి పాత ఆచారాన్ని వదులుకోవడం పిరికితనం కాదు, అదే అసలైన పరువు.