మూట దించని మబ్బు

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రానికి పుట్టింది ఒక మబ్బుపిల్ల. పేరు నీలాలు. ఒళ్లంతా నీళ్లు, నోటినిండా గొప్పలు.

ఒకనాడు కొండ అవతలి నుంచి ఒక కొంగ రొప్పుతూ వచ్చింది. "నీలాలూ, మా ఈరమ్మవ్వ సజ్జచేను వాడిపోతోందే. ఈ వారం తడి తగలకపోతే అవ్వకి ఏడాదంతా పస్తులే!" అంది.

మబ్బుపిల్ల మనసు కరిగింది. "బెంగపడొద్దని చెప్పు. దారిలో ఒక్క చుక్క ఒలకనివ్వకుండా తెచ్చి పోస్తాను" అని మాట ఇచ్చేసింది. ఒక్క చుక్క ఒలకనివ్వదట! ఎవరడిగారు ఆ మాట?

బయల్దేరింది. ఎదురుగా కొండ. తల వంచుకుని కొండ నడుమును ఢీకొట్టింది. నీలాలు వెనక్కి తూలింది గానీ కొండ కదల్లేదు.

సరే, పక్కనుంచి పోదామనుకుంది. పక్కన ఇంకో కొండ, దాని పక్కన మరో కొండ. తిరిగి తిరిగి మొదటికే వచ్చింది.

మూడోసారి పైకి ఎక్కడం మొదలుపెట్టింది. వెనకనుంచి గాలి తోస్తోంది. ఎక్కేకొద్దీ చలి. ఆ చలికి ఒంట్లో తేమంతా చుక్కలు కట్టి బరువెక్కింది. నీలాలు నల్లబడింది, ఉరిమింది, మెరిసింది, అయినా పళ్లు బిగపట్టింది.

"అమ్మాయ్, మూట దించవే" అంది కొండ నవ్వుతూ. "అంత బరువుతో నన్ను దాటినవాళ్లు లేరు."

"దించను! మాట ఇచ్చాను."

"అయితే ఇక్కడే ఉండిపో. అవ్వకి నువ్వూ దక్కవు, నీ నీళ్లూ దక్కవు."

నీలాలు గింజుకుంది, ఏడ్చింది, చివరికి పట్టు వదిలింది. కొండ నెత్తిన కుండపోత!

తేలికై కొండ దాటింది గానీ, పాపం, సిగ్గుతో చచ్చిపోతోంది. 'అవ్వకి ఏ ముఖం చూపించను?' అనుకుంటూ మెల్లగా కిందికి తొంగిచూసింది.

ఈరమ్మవ్వ చీర ఎగదోపి, పార పట్టుకుని చేలోకి నీళ్లు మళ్లిస్తోంది! కొండమీద కురిసిన వాన కొంత ఇటు, కొంత అటు జారింది. అవ్వ చేను వైపు జారినది వాగై, మబ్బుపిల్ల కంటే ముందే చేను చేరింది.

"ఏమే నీలాలూ, కొంగ చెప్పిందిలే! మూట ముందు పంపి నువ్వు తీరిగ్గా వస్తున్నావా?" అంది అవ్వ. "రా, కాస్త నీడన్నా పట్టు. ఎండకి మాడిపోతున్నా!"

నీలాలు పడీపడీ నవ్వి, అవ్వ నెత్తిన గొడుగులా నిలబడింది.

విన్నారుగా పిల్లలూ! ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి పట్టుదల ఒక్కటే చాలదు; పట్టు ఎక్కడ వదలాలో కూడా తెలియాలి.