దేవుడి గుండిగ

కళ్ళు మూసుకుని వినాలి మరి. మధ్యలో లేచి కూచుంటే చెప్పను. అనగనగా కృష్ణ ఒడ్డున ఒక లంక పల్లె. ఆ పల్లెలో రాహేలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి దేవుడంటే ఎంత ప్రేమో చెప్పలేను తల్లీ. ఆదివారం గుడి గంట మోగకముందే వెళ్ళి ముందు వరసలో చాప పరుచుకునేది.

ఒకసారి ఆవిడ పెనిమిటి ఏరు దాటుతుంటే పడవ తిరగబడింది. ఎలాగో ఈదుకుంటూ ప్రాణాలతో ఇంటికొచ్చాడు. అప్పుడు రాహేలమ్మ మొక్కుబడి చేసుకుంది. "ప్రభువా, వచ్చే కోతపండుగకి మా ఇత్తడి గుండిగ నిండా బియ్యం తెచ్చి నీ గుళ్ళో పెడతాను" అంది.

మనవాళ్ళలో పిడికెడు బియ్యం అని ఉంది కదా? ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడికని పక్కన పెడతాం. అలాగే రాహేలమ్మ పూటపూటా "ఇది నీకు ప్రభువా" అంటూ ఒక పిడికెడు గుండిగలో వేసేది. ఒకనాడు ఇంట్లో బియ్యం నిండుకుంటే గంజి తాగి పడుకుంది గానీ, అందులో చెయ్యి పెట్టలేదు. ఆ సంగతి ఊరంతా చెప్పుకుంది కూడానూ! చెప్పుకోకపోతే ఆవిడకి తోచదు.

ఇక పక్కింట్లో సలోమి ఉండేది. సలోమి మేక వచ్చి రాహేలమ్మ మునగమొక్కని మొదలంటా నమిలేసింది. అప్పుడు ఇద్దరూ కొంగు బిగించి తిట్టుకున్నారు. ఆ తర్వాత రాహేలమ్మ రెండిళ్ళ మధ్యా తాటాకుల దడి కట్టించేసింది. రెండేళ్ళు మాటల్లేవు. గుళ్ళో ఒకావిడ ఈ గోడకి, ఒకావిడ ఆ గోడకి. పాటేమో ఒకటే, మొహాలు మాత్రం చెరోవైపు.

కోతపండుగ ఇంక పదిరోజులుందనగా గుండిగ మెడదాకా నిండింది. అప్పుడే పల్లెలో చలిజ్వరాలు పట్టుకున్నాయి. సలోమి మంచాన పడింది. మొగుడు ఇటుకబట్టీ పనికని ఎక్కడికో వెళ్ళాడు. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు.

మొదటిరోజు సలోమి ఇంటి మీద పొగ లేవలేదు. రాహేలమ్మ చూసింది. "ఎవరో ఒకరు చూడకపోతారా" అనుకుంది.

రెండోరోజు దడి అవతల పిల్లలు ఆకలికి ఏడ్చారు. రాహేలమ్మ వింది. ఇంట్లో వండుకునే బియ్యం అడుగంటాయి. నిండుగా ఉన్నది దేవుడి గుండిగ ఒక్కటే. "అమ్మో, మొక్కుకున్నది ముట్టుకుంటానా!" అనుకుని లోపలికి పోయింది.

మూడోరోజు పిల్లలు ఏడవలేదు.

రాహేలమ్మ ఎసరు పెట్టి, పిడికెడు బియ్యం తీసి, "ఇది నీకు ప్రభువా" అనబోయింది. నోరు రాలేదు. చెయ్యి గుండిగ మీద అలాగే ఆగిపోయింది. "నీకు ఆకలెక్కడుంది ప్రభువా! ఆకలి ఆ దడి అవతల ఉంది కదా!" అని ఘొల్లుమంది.

చూశావా చిట్టీ, ప్రభువు మనల్ని అడిగినవి రెండే. నన్ను నిండు మనసుతో ప్రేమించు అన్నాడు, నీ పొరుగువాళ్ళని నీలాగే చూసుకో అన్నాడు. రాహేలమ్మకి మొదటిది నోటికొచ్చు. రెండోదాన్ని తాటాకులతో కట్టేసింది, పాపం.

అప్పుడు లేచింది చూడూ! చుట్టూ తిరిగి వీధిలోంచి వెళ్ళేంత ఓపిక కూడా లేదు. రెండు చేతులతో దడి పీకి అవతల పారేసింది. గుండిగ నెత్తిన పెట్టుకుని సలోమి ఇంట్లోకి నడిచింది. పొయ్యి రాజేసింది. జావ కాచి ముందు పిల్లలిద్దరికీ పట్టింది. వాళ్ళు కళ్ళు తెరిచారు.

ఆ తర్వాత సలోమి నోటికి గ్లాసు అందించింది. సలోమి మొహం తిప్పుకుంది.

"నీ చేతి బియ్యం నా గొంతు దిగవు, పో."

"నావి కాదే, దేవుడివి. ఆయన మీద నీకేం కోపం?"

సలోమి ఒక్క క్షణం చూసింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిపి జావ తాగేసింది.

ఆ వరసలో ఇంకో మూడిళ్ళలో జ్వరాలే. రాహేలమ్మ పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం ఆ నాలుగిళ్ళకీ వండి పెట్టింది. జ్వరాలు తగ్గాయి. పండుగ ముందురోజుకి గుండిగ అడుగు గీకినా గింజ లేదు.

"నేను గుడికి రాను సలోమీ. ఊరంతా చెప్పుకున్నాను. ఏ మొహం పెట్టుకుని రాను?" అంది రాహేలమ్మ.

"నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను. అటుపక్క పట్టుకో అక్కా" అంది సలోమి.

అలా ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని ఖాళీ గుండిగ గుళ్ళోకి తెచ్చారు. అప్పటికే ఒకరు వడ్లబస్తా, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపుంజు తెచ్చి పెట్టారు. గుడి అయ్యగారు వంగి గుండిగలోకి చూశారు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"మొక్కుబడి ఏమైందమ్మా రాహేలూ?"

రాహేలమ్మ తల దించుకుంది. అప్పుడు సలోమి పిల్లలిద్దరినీ చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చింది. "ఇదిగో అయ్యగారూ, మొక్కుబడి ఇదిగో! ఆ బియ్యం లేకపోతే వీళ్ళు లేరు, నేనూ లేను" అంది. చిన్నది పొట్ట తట్టుకుని "నా పొట్టలో చాలా ఉన్నాయి!" అని అరిచింది.

ఆ తర్వాత ముసలి యోహాను తాత కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. ఆయన కోడలు లేచింది. ఒకరి తర్వాత ఒకరు, ఆ నాలుగిళ్ళ వాళ్ళూ పదకొండుమంది లేచి నిలబడ్డారు. కిసుక్కుమన్నావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అయ్యగారు ఒక్క మాటే అన్నారు. "బస్తాలన్నీ వెనక్కి జరపండి." తన చేతులతో గుండిగని ఎత్తి అన్నిటికంటే ముందు పెట్టారు.

అప్పుడు సలోమి ఊరుకుందా? నడుముకి దోపుకొచ్చిన జావ గరిటె తీసుకుని గుండిగ మీద ఒక్క దెబ్బ వేసింది. ఖంగుమని మోగింది! బియ్యముంటే అలా మోగేదా చెప్పు! రాహేలమ్మ పాట ఎత్తుకుంది, పల్లె పల్లంతా అందుకుంది. ముందు వరసలో ఒకే చాప మీద ఇద్దరూ భుజం భుజం ఆనించి పాడుతుంటే, ఆ పాట ఏరు దాటి అవతలి ఒడ్డున కోతలు కోసేవాళ్ళ దాకా వినపడింది.

కథ వెళ్ళింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
ప్రార్థన చెప్పు ప్రభువుకి,
పక్కలో చోటివ్వు తమ్ముడికి!