నూకాలత్తను గుంటలోకి పిలిచిన పీత

కెరటాలు విరిగే నల్లబండ మీద నూకాలనే చిప్పనత్త ఉండేది. బోర్లించిన ప్రమిదంత చిప్ప, దాని కింద ఒకే ఒక్క పాదం. అదే ఆవిడ ఆస్తి. పోటు మీద నీరు పైకొచ్చినప్పుడు బండంతా పాకుతూ నాచు గీక్కుని తినేది, నీరు తీసేలోగా తన చోటుకే తిరిగొచ్చేది. ఏళ్ళ తరబడి అక్కడే కూర్చోబట్టి చిప్ప అంచూ రాయీ ఒకదాన్నొకటి అరగదీసుకుని గిన్నెకు మూత కుదిరినట్టు కుదిరిపోయాయి. ఏం పట్టండీ అది! ఎంత కెరటం మీద పడ్డా ఇసుమంత కదిలేది కాదు.

బండకు అవతల, ఒడ్డు వైపు, కెరటం చేరని నీటిగుంట ఉంది. అందులో గురప్పడనే పీత కాపురం. నూకాలును చూస్తే వాడికి నోరూరేది. ఎన్నోసార్లు డెక్కలతో చిప్ప అంచు గోకి చూశాడు, డెక్క మొన దూర్చేంత సందు దొరకలేదు. ఆవిడ చేత ఆ చోటు విడిపిస్తే తప్ప పని కాదని వాడికి అర్థమైంది.

ఈ మధ్య ఏళ్ళలో ఎండలు మరీ ముదిరాయి. తుపాన్లూ మునుపట్లా లేవు. మొన్నటి తుపానుకు నూకాలు పక్కన గుత్తులు గుత్తులుగా ఉండే ఆలిచిప్పలన్నీ ఊడి కొట్టుకుపోయాయి. ఇన్నాళ్ళ ఇరుగుపొరుగు లేకుండా పోయేసరికి ఆవిడకు ఏడుపాగలేదు. తన వంతూ వచ్చేసిందేమోనని మొదటిసారి భయపడింది.

గురప్పడు అదను చూసుకుని వచ్చాడు. పోయినవాళ్ళ కోసం కాసేపు తనూ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు.

"ఈ దెబ్బలు ఇంకెన్నాళ్ళు తింటావత్తా? నా గుంటలోకి వచ్చెయ్. కెరటమన్న మాటే లేదక్కడ. నీ మీద ఈగ వాలనివ్వను."

నూకాలుకు మనసు లాగింది. అక్కడి రాతికి తన చిప్ప కుదరదనీ, కుదిరేదాకా అంచు కింద సందుంటుందనీ తెలుసు. ఆ సందు కోసమే వీడి తాపత్రయమనీ తెలుసు. కానీ ఇక్కడుంటే కెరటం ఊడబెరుకుతుందేమో! తేల్చుకోలేక, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు గుంట ఎలా ఉంటుందని అడిగింది. కొత్తకుండలో నీళ్ళలా ఉంటుందన్నాడు గురప్పడు.

పాపం, అది వాడి దృష్టిలో అబద్ధం కాదు. వాడి చిన్నప్పుడు అలాగే ఉండేది. ఎండలు ముదిరినప్పటి నుంచీ మధ్యాహ్నమైతే రాతి పగుల్లో దూరి నిద్రపోవడమే గాని, ఆ వేళ గుంటలో కాలు పెట్టిన పాపాన పోలేదు.

"అయితే అల్లుడా, రేపు మధ్యాహ్నం నీరు తీశాక గుంటలో కూర్చుని నాతో కబుర్లు చెప్పు. సాయంత్రం పోటు దాకా హాయిగా చెప్పావంటే, ఆ పోటుకే వచ్చేస్తాను" అంది నూకాలు.

విందు కుదిరిందనుకుని గురప్పడు మర్నాడు దర్జాగా గుంటలోకి దిగాడు. దిగీ దిగగానే ఒళ్ళు చురుక్కుమంది. అయినా బండ మీదుగా ఎలా ఉందల్లుడా అని ఆవిడ అడిగిన ప్రతిసారీ చల్లగా ఉందత్తా అంటూనే ఉన్నాడు. కాసేపటికి నీళ్ళు కాగినట్టయ్యాయి. ఊపిరాడటం లేదు. పైకొస్తే విందు పోతుంది, ఉంటే ప్రాణం పోతుంది. నూకాలు మళ్ళీ అడిగింది. ఈసారి గుంటలోంచి వాడు పైకి పాకుతున్న చప్పుడే వినిపించింది.

అప్పుడే ఓ కెరటం బండకు కొట్టుకుని చిట్లింది. ఆ తుంపర నూకాలు వీపంతా తడిపింది. ఇంత ఎండలోనూ ఆవిడ ఒళ్ళు చల్లగా ఉంది. ఇన్నాళ్ళూ తనను బాదుతోందని తిట్టుకున్న కెరటమే రోజూ తనను బతికిస్తోందని ఆవిడకు తెలిసొచ్చింది. మళ్ళీ తుపాను రావచ్చు, వస్తే చూసుకుందాం అనుకుంది.

గురప్పడు ఆ చల్లటి తుంపర కోసం ఎలాగో బండెక్కి ఇవతలికి దొర్లాడు. "కాస్త చోటివ్వత్తా, పట్టుకుంటాను" అని బతిమాలాడు. ఆవిడ పక్కకు జరుగుదామన్నా చోటు మారే వేళ కాదది. ఇంకో కెరటం వచ్చింది. నూకాలు పాదం బిగించింది. వాడికి పట్టు తప్పి, వెల్లకిలా దొర్లుకుంటూ లోతు నీళ్ళలోకి పోయాడు. ప్రాణం దక్కిందిగాని ఆ బండ ఛాయలకు మళ్ళీ రాలేదు.

సుఖంగా ఉంటుంది రమ్మని ఎవరైనా పిలిస్తే, మిట్టమధ్యాహ్నం ముందు వాళ్ళనే అక్కడ కూర్చోబెట్టి చూడాలి.