మాగాయ సముద్రం దాటిన తీరు

వెనకటికి ఒక రేవుపట్నంలో నూకాలు అనే ఆవిడ మాగాయ పెట్టి అమ్మేది. ఆమె ఇంగువ పోపు వేసిందంటే మూడు వీధుల అవతల పీటలు వాల్చేవారు. ఆ మాగాయను సముద్రం అవతలి దీవిలో అమ్మాలని ఆమెకు పట్టుదల కలిగింది. కానీ రేవు అధికారి చెన్నప్ప ముద్ర పడందే ఏ సరుకూ ఓడ ఎక్కకూడదు.

“ఆడదానివి, పరదేశపు బేరాలు నీకెందుకే?” అన్నాడు చెన్నప్ప. “నీ మాగాయ కావాలని ఆ దీవి నుంచి ఉత్తరం తెప్పించు, వేస్తాను ముద్ర.”

“రుచి చూడనివాళ్ళు ఎలా అడుగుతారయ్యా?”

“అది నీ తలనొప్పి!”

నూకాలు దణ్ణం పెట్టి వచ్చేసింది. మర్నాడు ఓడ ఎక్కే కళాసులకు తలా ఒక పిడతెడు మాగాయ ఇచ్చి, “దారిలో సగం తినండి నాయనా, మిగతాది ఆ దీవి సంతలో కూర్చుని తినండి,” అంది.

మూడు నెలలకు ఓడ నలభై ఉత్తరాలతో తిరిగొచ్చింది.

“నా ముద్ర లేకుండా సరుకు పంపావా?” అని చెన్నప్ప మండిపడ్డాడు.

“సరుకెక్కడిదయ్యా? కళాసుల తిండికి ముద్ర అక్కర్లేదన్నది మీ నియమమేగా! వాళ్ళ మాగాయ వాళ్ళే తిన్నారు. ఆ ఒడ్డున దిగింది వాసనొక్కటే. దానికి ముద్ర ఎక్కడ వేస్తారో చూపించండి, ఈసారి వేయించే పంపుతాను.”

రేవంతా గొల్లుమంది. ఇచ్చిన మాట తప్పలేక చెన్నప్ప జాడీలన్నిటికీ ముద్రలు వేశాడు. ఆఖరి జాడీ దగ్గరికి వచ్చేసరికి నోరూరి, “ఇదొకటి మా ఇంటికి పంపు,” అన్నాడు గొంతు తగ్గించి.

“అంతకంటేనా అయ్యా! కావాలని ఒక్క ఉత్తరం రాసివ్వండి,” అంది నూకాలు.