సూది మాట విన్న కుందేలు

గోదావరి గట్టున జంతువులకి ఓ బుల్లి విమానం ఉండేది. జంతువులకి విమానమేంటని అడిగేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు, నా కథలో ఉంది. దాన్ని నడపడం నేర్పేది ముసలి ఎద్దు పోలయ్య. నేర్చుకుంటున్నది కుందేలు సీతాలు.

ఆ రోజు వరద పోటెత్తింది. సీతాలు పిల్లలు అవతల లంకలో చిక్కుకుపోయాయి. తల్లి ప్రాణం ఆగుతుందా? పోలయ్య తాతని వెంటబెట్టుకుని విమానం ఎక్కబోతుంటే నక్క నాగులు దగ్గర చేరాడు. నక్క వినయం సంగతి తెలిసిందేగా!

"వదినా, విమానంలో నీ ముందు గాజుగొట్టంలో గోళీ ఉందే, విమానం ఎంత గడబిడ చేసినా సరే, అది దొర్లిన వైపు కాలి కింది పెడలు తొక్కు. అంతే!"

మామూలుగా ఎగిరేటప్పుడు ఆ మాట నిజమే. సగం నిజమైతేనే నమ్ముతారని నక్కకి తెలుసు. విమానం పడితే కుందేలు కూరని వాడి ఆశ.

నల్ల మబ్బులో ఏమీ కనబడలేదు. కంగారులో సీతాలు విమానాన్ని పైకీ కిందకీ నడిపే పుల్ల గట్టిగా లాగేసింది. రెక్క జారి, విమానం బొంగరంలా తిరుగుతూ కిందకి పడసాగింది.

"గోళీ ఎడమకుంది తాతా! ఎడమ కాలు తొక్కుతున్నా!"

"తియ్యి తల్లీ! ఈ గిరగిరలో గోళీకే దిక్కు తెలీదు. పక్కన సూది చూడు, ఎటు వాలింది?"

"ఎడమకి!"

"అయితే ఎడమకే తిరుగుతున్నాం. ఇంజను తగ్గించి కుడి కాలు తొక్కు. పుల్ల ముందుకి తొయ్యి. నేనున్నాగా."

తొక్కింది. సూది నడిమికొచ్చింది. అంతలో మళ్ళీ కేక.

"అయ్యో, ఇప్పుడు కుడికి తిరుగుతున్నాం! నా చెవులకి తెలుస్తోంది!"

"సూది ఏమంటోంది?"

"నడిమినే ఉంది."

"అయితే తిరగడం ఆగింది. కాలు తీసెయ్. గిరగిర తిరిగి ఆగితే చెవులు ఇలాగే తిరగేసి చెబుతాయి. నీ చెవులు పొడుగు కదమ్మా, వాటి అబద్ధమూ పొడుగే. కాసేపు అరవనీ."

సీతాలు ఏడుస్తూనే సూదిని చూస్తూ, మెల్లగా పుల్ల లాగింది. మబ్బు కింద లంక కనబడింది.

ఇసుకలో దిగగానే పిల్లలు పరుగున వచ్చి తల్లి పొట్ట కింద దూరాయి. పోలయ్య మొహం అటు తిప్పుకున్నాడు.

"ఏడుస్తున్నావా తాతా?"

"ఎద్దులు ఏడుస్తాయా? నీళ్ళొస్తున్నాయి, పిల్లల్ని ఎక్కించు."

అందరూ క్షేమంగా తిరిగొస్తే గట్టు మీద నక్క మొహం మాడిన పెసరట్టయింది.

"గోళీ వైపు తొక్కలేదా వదినా?"

"తొక్కాను మరిదీ. చావు దాకా వెళ్ళొచ్చాను," అంది సీతాలు, పిల్లల్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ.

నీతి: తల తిరిగేటప్పుడు దారి తలనే అడక్కూడదు.